బొరుసు వైపు నుంచి మొదలుపెట్టండి: రోమన్ ప్రావిన్షియల్ నాణెం ఏ ఊరిదో పట్టుకోవడం ఎలా

నా దగ్గర ఒక చిన్న కంచు నాణెం ఉంది. ఇప్పటి రూపాయి బిళ్ళకన్నా కాస్త చిన్నది, 19 మిల్లీమీటర్లు, మూడు గ్రాముల పైచిలుకు బరువు. ఒకవైపు కిరణాల కిరీటం పెట్టుకున్న కుర్రాడి ముఖం. రెండోవైపు వరసగా నిలబెట్టిన మూడు సైనిక ధ్వజాలు, వాటి సందుల్లో చెల్లాచెదురుగా అక్షరాలు. ఎవరికి చూపించినా ముందు అడిగేది ఒకటే: "ఇది ఏ రాజుదండీ?" నేనూ మొదట్లో అలాగే అడిగేవాణ్ణి. రెండేళ్ళు తప్పులు చేశాక తెలిసింది, ముందు అడగాల్సింది "ఇది ఏ ఊరిది?" అని. ఊరు తెలిస్తే రాజు దానంతటదే దొరుకుతాడు. రాజు ఒక్కడే తెలిస్తే మాత్రం ఊరి కోసం నెలలు తిరగాలి.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి బొమ్మతో, అంటే ముఖం ఉన్న వైపుతో కాకుండా, బొరుసుతో మొదలవుతుంది.

ముందు ఇవి ఏ నాణేలో తేల్చుకుందాం

రోమన్ సామ్రాజ్యంలో అధికారిక డబ్బు రోమ్‌లోనూ మరికొన్ని పెద్ద టంకశాలల్లోనూ తయారయ్యేది. బంగారు ఆరియస్, వెండి దీనారం ఆ జాతివి. వాటిని ఇంపీరియల్ నాణేలు అంటారు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన అగస్టస్, టైబీరియస్ వెండి నాణేలు కూడా ఇవే. సముద్ర వ్యాపారంతో మన దాకా వచ్చింది ఆ డబ్బే.

కానీ బజారులో చేపలు కొనడానికి దీనారం పనికిరాదు, చిల్లర కావాలి. తూర్పున గ్రీకు మాట్లాడే ఊళ్ళకు రోమ్ తగినంత చిల్లర పంపేది కాదు. ఆ ఊళ్ళు తమ కంచు నాణేలు తామే కొట్టుకున్నాయి. ఇవే ప్రావిన్షియల్ నాణేలు. సీజర్ హత్య జరిగిన క్రీ.పూ. 44 నుంచి లెక్క మొదలుపెడితే, క్రీ.శ. 297 దాకా 600కు పైగా ఊళ్ళు ఇలా నాణేలు వేశాయి. స్పెయిన్, గాల్ ప్రాంతాల ఊళ్ళు కూడా మొదట్లో వేశాయి గానీ క్లాడియస్ కాలానికల్లా మానేశాయి. తూర్పున మూడో శతాబ్దం దాకా సాగింది. 260ల్లో రోమ్ నాణెంలో వెండి దాదాపు మాయమై ధరలు మండిపోయాక, చిల్లర కొట్టడం గిట్టుబాటు కాక ఒక్కో ఊరూ దుకాణం కట్టేసింది. చిన్న ఆసియాలో, అంటే ఇప్పటి టర్కీలో, చివరగా వేసిన ఊరు పెర్గే, 275-76లో టాసిటస్ చక్రవర్తి కాలంలో. అలెగ్జాండ్రియా మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది.

ఈ ఊళ్ళ పేర్లు మనకు మరీ కొత్తవేం కావు. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకు ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాలు గుర్తుండే ఉంటాయి: ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఆ ఏడూ సొంత నాణేలు వేసిన ఊళ్ళే.

మొదటి అడుగు: తూచండి, కొలవండి, తిప్పండి

బంగారం షాపులో వాడేలాంటి చిన్న తూకం యంత్రం, గ్రాములో వందో వంతు చూపించేది, ఒకటి కొనండి. ఒక వెర్నియర్ కాలిపర్స్, ఒక భూతద్దం, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టగలిగే టేబుల్ లైటు ఉంటే చాలు. నెత్తిమీద ట్యూబ్‌లైట్ కింద అరిగిన అక్షరాలు కనబడవు. లైటును నాణెం ఎత్తుకు దించి, నాణేన్ని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ చూడండి. ఒక కోణంలో లేని అక్షరం ఇంకో కోణంలో లేచి నిలబడుతుంది.

బరువు, వ్యాసం రాసుకున్నాక అచ్చుల కోణం, అంటే బొమ్మకు బొరుసు ఎంత తిరిగి ఉందో, చూడాలి. బొమ్మను తిన్నగా పట్టుకుని, నిలువు ఇరుసు మీద తలుపు తెరిచినట్టు పక్కకు తిప్పండి. బొరుసు తల ఎటు చూస్తుందో గడియారం ముల్లు లెక్కన రాయండి: పైకి ఉంటే 12, కిందికి ఉంటే 6. చాలా ఊళ్ళలో ఈ రెండింట్లో ఒకటి వస్తుంది. దీన్నిబట్టి ఊరు తేలదు గానీ, తర్వాత అదే రకం నాణేలతో పోల్చేటప్పుడు పనికొస్తుంది.

నాణెం నడిమధ్య చిన్న గుంట కనిపిస్తే కంగారుపడకండి. ఎవడో మేకు దింపాడనుకుని నేనొక మంచి నాణేన్ని వదిలేసుకున్నాను. ముద్ర కొట్టకముందు బిళ్ళను లేత్ లాంటిదాని మీద తిప్పి నునుపు చేసినప్పుడు ఆ గుంట పడిందని ఎక్కువమంది నిపుణుల మాట. చిన్న ఆసియా, థ్రేస్ (ఇప్పటి బల్గేరియా చుట్టుపక్కల) వైపు కంచు నాణేల మీద ఇది మామూలే. రెండువైపులా గుంట ఉంటే అనుమానపడాల్సింది పోయి, ఒకరకంగా ధైర్యపడొచ్చు.

రెండో అడుగు: బొరుసు మీద అక్షరాలు కూడబలుక్కోండి

అసలు పని ఇక్కడుంది. గ్రీకు భాష నేర్చుకోనక్కర్లేదు, పది పన్నెండు అక్షరాల ఆకారాలు గుర్తుపడితే చాలు. ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తూ మోసం చేసేవి ముందు నేర్చుకోండి. సి లా ఉన్నది 'స'. పి లా ఉన్నది 'ర'. ఎచ్ లా ఉన్నది దీర్ఘం ఉన్న 'ఏ'. ఎక్స్ లా ఉన్నది 'ఖ'. వై లేదా వి లా ఉన్నది 'ఉ'. గుండ్రటి డబ్ల్యూ లా గానీ గుర్రపు నాడాలా గానీ ఉన్నది దీర్ఘం ఉన్న 'ఓ'. ఇక మోసం లేనివి: ద్వారబంధంలా ఉంటే 'ప', తలకిందుల ఎల్ అయితే 'గ', మూసిన త్రిభుజం 'ద', అడుగు గీత లేని పూరిపాక కప్పులా ఉంటే 'ల', సున్నలో అడ్డగీత ఉంటే 'థ', సున్నను చీల్చుకుంటూ నిలువుగీత పోతే 'ఫ'. ఒక్క జాగ్రత్త: చెక్కేవాడు 'అ' లో అడ్డగీత వెయ్యడం మర్చిపోతే అది 'ల' లాగే కనిపిస్తుంది. ఇది తరచూ జరుగుతుంది.

ఇప్పుడు మాట చివర చూడండి. ఆ గుర్రపు నాడా 'ఓ', దాని పక్కన ఎన్ ఉంటే, అంటే మాట 'ఓన్' అని ముగిస్తే, అది దాదాపు ఎప్పుడూ ఊరివాళ్ళ పేరే. గ్రీకులో అది షష్ఠీ బహువచనం. 'ఎఫెసియోన్' అంటే 'ఎఫెసీయుల' అని. ఎఫెసీయుల నాణెం అన్నమాట. నాణెం మీద ఊరి పేరు ఉండదు, ఊరి జనం పేరు ఉంటుంది. 'మా ఊరిది' అనలేదు వాళ్ళు, 'మాది' అన్నారు.

నా ధ్వజాల నాణేనికి వద్దాం. ధ్వజాల మధ్య మొదట దొరికినవి మూడే అక్షరాలు: ఎన్, ఐ, కె, అంటే 'ని, క' దాకా. ఇంకేం, నికోమీడియా అని నిశ్చయించేసి రెండు వారాలు ఆ ఊరి నాణేలన్నీ వెతికాను. ఒక్కటీ కలవలేదు. అప్పుడు తట్టింది, 'నిక్' తో మొదలయ్యే ఊళ్ళు చాలా ఉన్నాయని. గ్రీకులో 'నికే' అంటే విజయం. గెలిచిన ప్రతివాడూ ఒక విజయనగరం కట్టుకున్నాడు. కాబట్టి తేల్చేది నాలుగో అక్షరం. అక్కడ 'అ' ఉంటే బిథినియా ప్రావిన్స్‌లోని నికైయా, ఇప్పటి టర్కీలోని ఇజ్నిక్. 'ఒ' ఉంటే ఐదోది చూడాలి: 'మ' వస్తే నికోమీడియా, ఇప్పటి ఇజ్మిత్. 'ప' వస్తే నికోపోలిస్. ఆ పేరుతో కూడా ఒకటికి మించి ఉన్నాయి. ఒకటి ఆక్టియం యుద్ధం గెలిచాక అగస్టస్ గ్రీసులో కట్టించినది. ఇంకొకటి ట్రాజన్ చక్రవర్తి డాన్యూబ్ నది వైపు, ఇప్పటి బల్గేరియాలో పెట్టినది. రెండోదైతే చాలాసార్లు 'ప్రోస్ ఇస్ట్రోన్', అంటే డాన్యూబ్ దగ్గరిది అని విప్పి చెబుతుంది. మన దగ్గర ఒకే పేరుతో పది ఊళ్ళుంటే ముందు మండలం పేరు అడుగుతాం కదా, అలాగే.

లైటు దించి తిప్పితే నా నాణెం మీద నాలుగో అక్షరం 'అ' అని తేలింది, తర్వాతవి మూడో ధ్వజం రెండువైపులా విడిపోయి ఉన్నాయి. మొత్తం కలిపితే 'నికైయెఓన్'. నికైయా వాళ్ళది. ఈ ధ్వజాల రకాన్ని ఆ ఊరు కుప్పలుతెప్పలుగా వేసింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకన్నా చవకైన, తేలికైన బడి ఉండదని నా అభిప్రాయం.

ఇలాంటి తికమక పేర్లు ఇంకా ఉన్నాయి. 'అంటియోఖెఓన్' అని ఉంటే ఒరొంటెస్ నది ఒడ్డున ఉన్న సిరియా అంతియొకయ కావచ్చు, కేరియాలోని మియాండర్ నది అంతియొకయ కావచ్చు. పౌలు వెళ్ళిన పిసిదియ అంతియొకయ అయితే రోమన్ల వలస పట్టణం కాబట్టి లాటిన్‌లో ఉంటుంది. ఫిలదెల్ఫియ లిడియాలో ఒకటుంది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ కూడా ఒకప్పటి ఫిలదెల్ఫియే.

అక్షరాలు గ్రీకు కాకుండా లాటిన్ అయితే సి-ఓ-ఎల్ కోసం వెతకండి. 'కొలోనియా' అనే మాటకు అది పొట్టి రూపం. రిటైరైన సైనికులకు భూములిచ్చి పెట్టిన వలస ఊళ్ళు ఇవి. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ గ్రీకు మాట్లాడుతున్నా నాణెం మీద మాత్రం పట్టుబట్టి లాటిన్ రాసుకునేవి. ఎద్దునూ ఆవునూ కాడికి కట్టి దున్నుతున్న మనిషి బొమ్మ కనిపిస్తే అది ఊరికి పొలిమేర గీస్తున్న దృశ్యం, వలస ఊరికి గట్టి గుర్తు. హేడ్రియన్ చక్రవర్తి యెరూషలేమును ఏలియా కాపిటోలినాగా మార్చినప్పుడు వేసిన నాణెం మీద ఉన్నదీ అదే బొమ్మ.

మూడో అడుగు: పేరు లేకపోతే బొరుసు మీది చిత్రాన్ని పట్టుకోండి

అక్షరాలు పూర్తిగా అరిగిపోవచ్చు. లేదా ఆ ఊరు పేరు రాసుకోవడమే అనవసరం అనుకుని ఉండొచ్చు. అలెగ్జాండ్రియా అలాంటి ఊరే. దాని నాణేల మీద ఊరి పేరు మామూలుగా ఉండదు. ఇంగ్లీషు ఎల్ లాంటి గుర్తు, పక్కన ఒకటి రెండు గ్రీకు అక్షరాలు ఉంటాయి. ఆ ఎల్ కనిపిస్తే ముందు ఈజిప్టు వైపు చూడండి. మందపాటి ముద్దలాంటి బిళ్ళ, అంచు ఏటవాలుగా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. సిరియా అంతియొకయ కంచు నాణేల మీద చాలాసార్లు దండ మధ్యలో రెండు పెద్ద లాటిన్ అక్షరాలు, ఎస్, సి, ఉంటాయి, అంతే.

మిగతా ఊళ్ళు మాత్రం తమ గొప్పలన్నీ బొరుసు మీద పరిచి పెట్టాయి. గుర్తుపట్టడానికి వీలుగా కొన్ని చెబుతాను. కప్పదోకియ కైసరయ, ఇప్పటి కైసెరి, తన నెత్తిన ఉన్న ఆర్గేయస్ కొండను వేసుకుంది. రాళ్ళ గుట్టలా, ముళ్ళ పండులా కనిపిస్తే అది దేవుడిగా కొలిచిన ఆ అగ్నిపర్వతమే. ఎఫెసు తన అర్తెమి దేవిని, స్తంభంలా బిగుసుకుని నిలబడ్డ మూర్తిగా. తూరు ఊదారంగు తీసే మ్యూరెక్స్ గవ్వను. ఫ్రాన్సులోని నీమ్ ఖర్జూరపు చెట్టుకు గొలుసుతో కట్టేసిన మొసలిని, అగస్టస్ ఈజిప్టును గెలిచిన గుర్తుగా. ఆ మొసలి ఈనాటికీ నీమ్ ఊరి చిహ్నం. సెర్బియాలోని విమినేషియం, ఒకపక్క ఎద్దు, ఇంకోపక్క సింహం, మధ్యలో నిలబడ్డ స్త్రీ. ఆ జంతువులు రెండూ అక్కడి ప్రావిన్స్‌లో ఉన్న రెండు సైనిక దళాల గుర్తులు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫ్రుగియలోని అపమేయ. ఈ ఊరికి 'కిబోటోస్', అంటే పెట్టె, అని ముద్దుపేరు. నోవహు ఓడకు కూడా గ్రీకులో అదే మాట. ఆ పేరు కలవడంతో, సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలం నుంచి ఆ ఊరు కొన్ని నాణేల మీద నోవహు ఓడను వేసింది: పెట్టెలోంచి పైకి కనిపిస్తున్న మొగుడూ పెళ్ళాం, పక్కనే ఒడ్డున నిలబడి చేతులెత్తిన అదే జంట, పైన పక్షి కొమ్మ పట్టుకుని వస్తూ. పెట్టె మీద 'నోయే' అని మూడక్షరాలు కూడా ఉన్నాయి. విగ్రహాలను కొలిచే ఊరు బైబిల్ కథను నాణెం మీద వేసుకోవడం ఇంకెక్కడా చూడం. చిత్రమేమిటంటే ఆ చోట ఇప్పుడున్న టర్కీ ఊరి పేరు దినార్. ఈ నాణేలు మన బడ్జెట్‌కు అందవు, మ్యూజియం ఫోటోలతో సరిపెట్టుకోవాలి.

కోటబురుజుల కిరీటం పెట్టుకున్న స్త్రీ కనిపిస్తే ఆమె ఆ ఊరి అదృష్టదేవత, టైఖే. మన గ్రామదేవత లాంటిదనుకోండి. ఈమె ఒక్కతే ఉంటే ఏమీ తేలదు, వందల ఊళ్ళు వేశాయి. కానీ ఆమె కాళ్ళ దగ్గర ఒక మనిషి నడుము దాకా నీళ్ళలో ఈదుతుంటే ఆ మనిషి ఒరొంటెస్ నది, ఆమె అంతియొకయ దేవత అయ్యే అవకాశం ఎక్కువ. వేరే ఊళ్ళూ ఈ బొమ్మను కాపీ కొట్టాయి కాబట్టి దీన్ని ఆధారం అనుకోండి, తీర్పు అనుకోకండి.

నాలుగో అడుగు: మిగిలిన మాటలు వదిలేయకండి

ఊరి పేరు దొరగ్గానే చాలామంది ఆగిపోతారు. అక్కడే అసలు మజా మొదలవుతుంది.

'నియోకోరోన్' అన్న మాట తరచూ కనిపిస్తుంది. నియోకోరోస్ అంటే మొదట్లో గుడి ఊడ్చి కనిపెట్టుకుని ఉండే మనిషి. తర్వాత చక్రవర్తికి గుడి కట్టుకోవడానికి అనుమతి దొరికిన ఊరికి అదే బిరుదైంది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు జనం గొడవ చేసినప్పుడు పట్టణపు అధికారి లేచి, మన ఊరు అర్తెమి దేవి గుడిని కాచేదని తెలియనివాడెవడు అని సముదాయిస్తాడు కదా, గ్రీకు మూలంలో అక్కడున్నది ఈ మాటే. దాని ముందు 'దిస్' ఉంటే రెండు గుళ్ళు, 'త్రిస్' ఉంటే మూడు. స్ముర్న రెండో గుడి హేడ్రియన్ కాలంలో, మూడోది కారకల్లా చక్రవర్తి కాలంలో వచ్చాయి. కాబట్టి స్ముర్న నాణెం మీద మూడు అని ఉంటే అది కారకల్లాకు ముందుది కాదు. బిరుదే కాలాన్ని చెప్పేస్తోంది.

ఈ బిరుదుల కోసం ఊళ్ళు పడ్డ పోట్లాట చూస్తే నవ్వొస్తుంది. ఎఫెసు 'ఆసియాలో మొదటిది' అంటుంది. స్ముర్న 'అందంలో, పరిమాణంలో ఆసియాలో మొదటిది' అంటుంది. నికైయా, నికోమీడియా పక్కపక్కనే ఉండి మొదటి స్థానం కోసం తరతరాలు కొట్టుకున్నాయి. రోమన్లు మనల్ని చూసి నవ్వుతున్నారని వక్త డియోన్ క్రిసోస్టొమ్ నికోమీడియా వాళ్ళను మందలించాడు కూడా. 193లో చక్రవర్తి పదవికి పోటీ జరిగినప్పుడు నికైయా పెసెన్నియస్ నైజర్ పక్షం, నికోమీడియా సెప్టిమియస్ సెవెరస్ పక్షం చేరాయి. సెవెరస్ గెలిచాడు, నికైయా పరువు పోయింది. నైజర్ పక్షాన ఉన్నందుకు సిరియా అంతియొకయను అక్కడి లవొదికయ కింద (ఏడు సంఘాల లవొదికయ కాదు), బైజాంటియంను పెరింథస్ కింద పెట్టాడు. ఆ తర్వాతి నాణేల మీద ఏ బిరుదు ఉంది, ఏది లేదు అన్నది చూస్తే ఈ రాజకీయమంతా కనిపిస్తుంది.

రెండు ఊళ్ళ పేర్లు, మధ్యలో 'హొమొనొయా' అని ఉంటే అది రాజీ నాణెం. రెండు ఊళ్ళ దేవుళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉంటారు.

మనుషుల పేర్లూ ఉంటాయి. థ్రేస్, మోసియా వైపు నాణేల మీద 'ఉప్' అని మొదలైతే తర్వాత వచ్చేది గవర్నర్ పేరు. చిన్న ఆసియాలో ఊరి అధికారుల పేర్లు, 'గ్రామ్మతేయుస్' లాంటి పదవులు ఉంటాయి. మన కరణం లాంటివాడనుకోండి. 'అనెథేకె' అని కనిపిస్తే 'సమర్పించాడు' అని అర్థం. స్ముర్నలో పోలెమోన్ అనే పండితుడు, హేడ్రియన్‌కు ప్రియమైన అంటినోస్ బొమ్మతో నాణేలు వేయించి స్ముర్న వాసులకు సమర్పించానని రాయించుకున్నాడు. గుడిలో ఫ్యాను రెక్కల మీద 'దాత' అని పేరు చూస్తుంటాం కదా, ఆ బాపతే.

ఐదో అడుగు: ఇప్పుడు బొమ్మ తిప్పండి

గ్రీకులో చక్రవర్తి పేరు ముందు 'ఔత్' ఉంటుంది, అవ్టోక్రాటోర్ అన్న మాటకు పొట్టి రూపం, లాటిన్ ఇంపరేటర్‌కు సమానం. 'కై' అంటే కైసర్. 'సెబ్' లేదా 'సెబాస్తోస్' అంటే అగస్టస్. నా నికైయా నాణెం మీద సెబ్‌కు బదులు 'ఔగ్' అని లాటిన్ మాటనే గ్రీకు అక్షరాల్లో రాశారు. పూర్తి పాఠం 'ఎమ్ అంట్ గోర్దియానోస్ ఔగ్'. పదమూడేళ్ళకు గద్దెనెక్కి 238 నుంచి 244 దాకా ఏలిన మూడో గోర్దియన్. కుర్రాడి ముఖం అందుకే.

అన్నీ ఇంత సుళువుగా ఉండవు. 'అంటోనీనోస్' అన్న పేరు చూస్తే నాకిప్పటికీ టెన్షనే. ఆంటోనైనస్ పయస్, మార్కస్ ఆరీలియస్, కొమొడస్, కారకల్లా, ఎలగబాలస్, అందరికీ ఆ పేరే. కారకల్లా, ఎలగబాలస్ ఇద్దరివీ ముందు పేర్లు కూడా ఒకటే. ఒకసారి ఒక అమ్మకందారు చీటీ మీద కారకల్లా అని రాసిన నికోపోలిస్ నాణెం కొన్నాను. ముఖం అరిగి ఉంది, నమ్మేశాను. నెల తర్వాత బొరుసు కూడబలుక్కుంటే 'ఉప్ నొబియూ రూఫూ' అని వచ్చింది. నోవియస్ రూఫస్ గవర్నర్‌గా ఉన్నది ఎలగబాలస్ కాలంలో, అంటే 218 తర్వాత. కారకల్లా 217లోనే చచ్చాడు. బొరుసు ముందు చదివి ఉంటే ఆ చీటీ తప్పని కొనే రోజే తెలిసేది.

కొన్నిటి మీద చక్రవర్తే ఉండడు. యువకుడి ముఖం, 'సింక్లెటోస్' అని ఉంటే అది రోమ్ సెనేట్‌కు ఇచ్చిన రూపం. 'దేమోస్' అంటే ఊరి జనం, 'బౌలే' అంటే ఊరి సభ. ఏ రాజుకూ ఈ ముఖం కలవడం లేదని జుట్టు పీక్కోకుండా ఈ మాటల కోసం చూడండి.

ముఖం గీరేసి ఉంటే అదీ ఒక సమాచారమే. కారకల్లా 211 చివర్లో తమ్ముడు గెటాను చంపించి, అతని పేరూ రూపూ ఎక్కడా ఉండకూడదన్నాడు. కేరియాలోని స్ట్రాటోనికేయలో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా ఉన్న నాణేల మీద గెటాను చెక్కేసి, పైన చిన్న ముద్రలు వేశారు. నాణెం పారేయలేదు, తమ్ముణ్ణి మాత్రం తీసేశారు.

ఇంకో సంగతి. బొమ్మవైపు అచ్చు ఒకటే అయినంత మాత్రాన ఊరు ఒకటే అనుకోకండి. కొన్రాడ్ క్రాఫ్ట్ పరిశోధన 1972లో అచ్చయ్యాక తేలిందేమిటంటే, చిన్న ఆసియాలో చాలా ఊళ్ళకు చెక్కే పనివాళ్ళు ఉమ్మడిగా ఉండేవాళ్ళు, ఒకే చక్రవర్తి ముఖం అచ్చు వేర్వేరు ఊళ్ళ బొరుసులతో వాడారు. బొరుసుతో మొదలుపెట్టమని పోరడానికి ఇదీ ఒక కారణం.

ఆరో అడుగు: సంవత్సరం ఉంటే లెక్క కట్టండి

కటపయాది తెలిసినవాళ్ళకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. గ్రీకులో అక్షరాలే అంకెలు: మొదటి అక్షరం 1, రెండోది 2, అలా 9 దాకా, ఆ తర్వాతవి 10, 20, ఆపై వందలు. కూడటమే కాబట్టి వరస మారినా విలువ మారదు.

అలెగ్జాండ్రియాలో ఆ ఎల్ గుర్తు పక్కనున్నది చక్రవర్తి ఏలుబడి సంవత్సరం. అక్కడ కొత్త సంవత్సరం ఆగస్టు 29న. గద్దెనెక్కిన రోజు నుంచి ఆగస్టు 28 దాకా ఎన్ని రోజులుంటే అన్నే రోజులు మొదటి సంవత్సరం. ఆంటోనైనస్ పయస్ 138 జూలై 10న ఎక్కాడు. అతని మొదటి సంవత్సరం 50 రోజులే. రెండో సంవత్సరం 138 ఆగస్టు 29న మొదలైంది. ఆ రెండో సంవత్సరపు నాణెం ఒకదాని మీద ఫీనిక్స్ పక్షి, 'ఐయోన్', అంటే యుగం, అనే మాట ఉన్నాయి. ఎందుకంటే ఈజిప్టు పాత పంచాంగంలో కొత్త సంవత్సరం, లుబ్ధక (సిరియస్) నక్షత్రం తెల్లవారుజామున తొలిసారి కనబడే రోజు రెండూ మళ్ళీ కలిసింది 139లో. ఆ చక్రం తిరగడానికి 1460 ఏళ్ళు పడుతుంది.

యూదయలో పొంతి పిలాతు వేయించిన చిన్న నాణేల మీద కూడా ఇదే పద్ధతి, టైబీరియస్ 16, 17, 18వ ఏడు, అంటే 29 నుంచి 32 మధ్యవి. మిగతాచోట్ల ఒక్కో ఊరికి ఒక్కో శకం. సిరియాలో సెల్యూకిడ్ శకం క్రీ.పూ. 312 నుంచి, అంతియొకయలో సీజర్ శకం క్రీ.పూ. 49 నుంచి, తూరులో క్రీ.పూ. 126 నుంచి. విమినేషియంలో క్రీ.శ. 239 నుంచి, అదీ లాటిన్‌లో ఎ-ఎన్ అని రాసి రోమన్ అంకెలు వేస్తారు. అందుకే ఊరు తేలకముందు సంవత్సరం లెక్క పెట్టకండి, శకం తప్పితే వందేళ్ళు తేడా వస్తుంది.

ఏడో అడుగు: పోల్చి చూడండి

ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచే రోమన్ ప్రావిన్షియల్ కాయినేజ్ ఆన్‌లైన్ జాబితా ఉచితం. ఊరు, చక్రవర్తి, బొరుసు బొమ్మ, అక్షరాలు, దేనితోనైనా వెతకొచ్చు. ఊరితో మొదలుపెట్టండి, తర్వాత చక్రవర్తిని కలపండి, అప్పటికీ వందలు వస్తే బొమ్మను చేర్చండి. మూడూ ఒకేసారి కొడితే, మీరు ఒక్కటి తప్పు చదివినా ఫలితం సున్నా వస్తుంది. అలెగ్జాండ్రియా వెండి మిశ్రమం నాణెం మొదట్లో 12, 13 గ్రాములుండి చివరికి 7, 8కి పడిపోయింది. అలాంటి వాటికి మొదటి అడుగులో రాసుకున్న బరువు ఇక్కడ అక్కరకొస్తుంది.

ఫోటోతో పోల్చేటప్పుడు చక్రవర్తి మెడ వెనక కిరీటం ముడి చివరలు ఏ అక్షరం దగ్గర ఆగాయో, బొరుసులో దేవుడి చెయ్యి ఏ అక్షరాన్ని తాకిందో చూడండి. అవి కూడా అచ్చుగుద్దినట్టు కలిస్తే రెండూ ఒకే అచ్చులోంచి వచ్చినవే. గీతలు, గుంటలు, అంచు పగుళ్ళు కూడా కలిసిపోతుంటే మాత్రం సంతోషించకండి. అది పోత పోసిన నకలు.

కొనేముందు, దాచేముందు

చింతపండు ముట్టించకండి. ఇత్తడి బిందె తోమినట్టు తోమితే రెండువేల ఏళ్ళ పొర పోయి ఎర్రటి రేకు మిగులుతుంది, అక్షరాలు కూడా దాంతోనే పోతాయి. నిమ్మకాయా అంతే. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది కంచుకు పట్టే తెగులు, గాలిలో తేమతో పెరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్ళు సిలికా జెల్ పొట్లాలతో గట్టిమూత డబ్బాలో పెట్టండి, తెగులు పట్టినదాన్ని మిగతావాటితో కలపకండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, అవి కొన్నాళ్ళకు జిగురు వదులుతాయి.

1972 పురావస్తు చట్టం ప్రకారం మన దేశంలో వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని వ్యక్తులు దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉండి కొనేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: బల్గేరియా, టర్కీ లాంటి దేశాలతో అమెరికాకు ఒప్పందాలున్నాయి, అక్కడి పాత నాణేల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. ఎక్కడినుంచి, ఎప్పుడు బయటికొచ్చిందో కాగితం చూపలేని నాణెం ఎంత బాగున్నా వదిలేయండి.

ఇక చీటీ రాయండి. నాది ఇలా ఉంటుంది: నికైయా, బిథినియా. మూడో గోర్దియన్, 238-244. కంచు, 19 మి.మీ. మూడు ధ్వజాలు. దాని కింద బొమ్మ మీద, బొరుసు మీద నాకు కనిపించిన అక్షరాలు మాత్రమే రాస్తాను, కనిపించనివాటి చోట చుక్కలు పెడతాను. అదే డబ్బాలో ఇంకో నాణెం ఉంది, దాని బొరుసు మీద ఎన్, ఐ, కె తర్వాత అంచు విరిగిపోయింది. నాలుగేళ్ళ నుంచి దాని చీటీ మీద 'ని, క' అని రాసి నాలుగు చుక్కలున్నాయి.